'రామాయణం' చివర 'ణ' ఉన్నట్టా, 'ము' ఉన్నట్టా? పదాల గొలుసులో మా అత్తయ్యతో వచ్చిన తగవు

సత్యనారాయణపురం కోడలు
మా ఇంట్లో ప్రతి ఆదివారం సాయంత్రం కాఫీలు అయిన తరువాత పదాల గొలుసు ఆడుతాము. ఒకరు చెప్పిన పదం ఏ అక్షరంతో ముగిస్తే, పక్కవారు ఆ అక్షరంతో మొదలయ్యే పదం చెప్పాలి. ముప్పై లెక్కపెట్టేలోగా పదం తట్టకపోతే ఒక చింతపిక్క ఇచ్చుకోవాలి, అప్పుడు పిక్క గెలిచినవారే కొత్త పదంతో మళ్ళీ మొదలుపెడతారు. మా అత్తయ్య తెనాలి దగ్గర పల్లెటూరిలో పుట్టి ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవారే అయినా, నేను ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో ఆమెను ఓడించినవారిని చూడలేదు. ఓడిపోతున్నానని నాకు బాధ లేదు, ఎందుకు ఓడిపోయానో అర్థం కాకపోవడమే బాధ.

గత ఆదివారం ఆమె వరుసగా 'కారణం', 'పురాణం', 'బాణం' అన్నారు. 'ణ'తో మొదలయ్యే మాట తెలుగులో ఎక్కడ ఉంది? మూడు పిక్కలు ఇచ్చుకున్నాను. తరువాత నాకు అవకాశం వచ్చినప్పుడు అదే బాట పట్టి 'రామాయణం' అన్నాను. ఆమె రెప్ప వేయకుండా 'ముత్యం' అన్నారు. అదెలా కుదురుతుందని అడిగితే, "అసలు మాట రామాయణము కదమ్మా, చివర ము ఉంది" అన్నారు. మరి మీ పురాణం పురాణము కాదా అన్నాను. "నువ్వు ఆ మాట అన్నావా? నేను అన్నాను" అన్నారు. మామయ్య నవ్వి ఊరుకున్నారు, మా ఆడపడుచు అమ్మదే న్యాయమంది. సున్నతో ముగిసే పదం తరువాత ఏ అక్షరం తీసుకోవాలో, ఇద్దరికీ ఒకేలా వర్తించే నియమం ఎవరైనా చెప్పండి.

పటమట వేణువు
మా ఇంట్లో సినిమా పాటల అంత్యాక్షరికి పెట్టుకున్న నియమమే పదాల ఆటకూ పెట్టుకున్నాము. 'ణ' వస్తే 'న', 'ళ' వస్తే 'ల'. ఇరవై ఏళ్ళలో దీనిమీద ఒక్క తగవు కూడా రాలేదు.

బ్రాడీపేట మాస్టారు
కోడలు గారి అత్తయ్య చెప్పినదానిలో శాస్త్రం ఉంది. మనమందరం చిన్నప్పుడు 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని వల్లె వేసినవాళ్ళమే. రాముడులో 'డు' ఎలాగో, పురాణములో 'ము' అలాగే. మనం 'పురాణం' అని రాసే సున్న ఆ 'ము'కు వచ్చిన వాడుక రూపం మాత్రమే. నిఘంటువు తెరిచి చూడండి. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులోనైనా, 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలోనైనా ఇటువంటి మాటలు 'ము'తోనే కనబడతాయి. అందువల్ల ఆమె 'ముత్యం' అనడం సరైనదే. అయితే అదే శాస్త్రం కోడలికి కూడా వర్తించాలి కాబట్టి, ఆ మూడు చింతపిక్కలూ తిరిగి ఇవ్వవలసినవే.

సత్యనారాయణపురం కోడలు
మాస్టారు గారి సమాధానాన్ని అత్తయ్యకు చదివి వినిపించాను. "శాస్త్రం తెలిసినవారు, చెప్పింది నిజమే. పిక్కలు మాత్రం అయిపోయిన ఆటవి" అన్నారు.

కొత్తపేట పెద్దావిడ
నేను అత్తగారినే కనుక అత్తగారి పక్షాన మాట్లాడుతున్నాను. ఎదుటివారు ఇరుక్కునే అక్షరం చూసి పదం వదలడమే ఈ ఆటలో అసలు విద్య. మా అమ్మమ్మ గచ్చకాయలు ఆడినా, పదాలు ఆడినా చిన్నపిల్లలని కూడా జాలి చూపేది కాదు. అలా ఓడించడం వల్లనే మాకు నాలుగు మాటలు వచ్చాయి. ఆ అమ్మాయి 'ణ'కు మందు వెతుక్కోవాలి తప్ప నియమం మార్చమని అడగకూడదని నా అభిప్రాయం.

గళ్ళనుడి గవర్నరుపేట
మాస్టారు గారితో నేను ఏకీభవించలేను. మా నాన్నగారు, నేను నలభై ఏళ్ళుగా ఆదివారం పత్రికలో గళ్ళ నుడికట్టు పోటీపడి నింపుతున్నాము. ఒకే ప్రతి కోసం కొట్లాట ఎందుకని ఇప్పుడు రెండు ప్రతులు తెప్పించుకుంటున్నాము. నుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం, అంటే గుణింతమూ ఒత్తూ సున్నా అన్నీ కలిసిన అక్షరం. విజయవాడకు అయిదు గళ్ళు, గుంటూరుకు మూడు. 'గుం'లో సున్నకు వేరే గడి ఎవరూ ఇవ్వరు. అటువంటప్పుడు 'రామాయణం' చివర ఉన్న అక్షరం 'ణం' తప్ప 'ము' ఎలా అవుతుంది? నోటితో పలికిన మాటను పలికినట్టే తీసుకోవాలి. ఆవిడ 'రామాయణము' అని పలికి ఉంటే 'ము' అడిగే హక్కు వచ్చేది. ఇక్కడ పలికింది కోడలు, పలికింది సున్నతోనే.

బ్రాడీపేట మాస్టారు
గవర్నరుపేట వారి వాదన గడికి సరిపోతుంది. కానీ గొలుసు ఆట చెవితో ఆడేది, అక్కడ గళ్ళు ఉండవు.

గళ్ళనుడి గవర్నరుపేట
చెవితో ఆడేదైతే చెవికి వినబడినదే లెక్క. నా మాటకు మీరే బలం ఇచ్చారు.

మిర్చియార్డు మేనల్లుడు
సున్న సంగతి పెద్దలు తేలుస్తారు. మా ఇంట్లో తగవు అంతకన్నా ముందే మొదలవుతుంది, అసలు ఏది పదం, ఏది కాదు అనే దగ్గర. మా మామయ్య గుంటూరు మిర్చియార్డులో ముప్పై ఏళ్ళుగా కమిషన్ వ్యాపారం చేస్తున్నారు. ఆయన 'టి' వచ్చిన ప్రతిసారీ 'టిక్కీ' అంటారు. యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారని ఊరందరికీ తెలుసు. మా అత్తయ్య ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పేవారు, ఆమె నిఘంటువు తెచ్చి చూపమంటారు. మామయ్య 'తాలు' అన్నప్పుడు ఒప్పుకున్నారు, ఎందుకంటే గింజ లేని ధాన్యాన్ని తాలు అనడం పుస్తకంలో ఉంది. రంగు పోయి తెల్లబడిన మిరపకాయను కూడా తాలు అంటారని మామయ్య చెబితే, ఆ అర్థం ఎక్కడుందని మళ్ళీ మొదలు. రోజుకు వేలమంది నోట పలికే మాట పదం కాకుండా ఎలా పోతుందో నాకు అర్థం కాదు.

పటమట వేణువు
అక్కడ అర్థంతో పనేముంది? ఆటలో పదం ఒకటే కదా, ఒక్కసారి చెల్లితే చెల్లినట్టే.

నిఘంటువుల బీరువా
మేనల్లుడు గారి మామయ్యకు అండగా ఒక సంగతి చెబుతాను. పుస్తకానికి ఎక్కని వృత్తి పదాలను పల్లెల నుంచి సేకరించే పని తెలుగులో ఎప్పుడో మొదలయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకులుగా మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది, తరువాత చేనేత పదాల సంపుటం వచ్చింది. రైతు నోటి మాటను పండితులే పదంగా ఒప్పుకున్నాక, ఇంటి ఆటలో టిక్కీని కాదనడం సబబు కాదు. ఇంగ్లీషు, ఉర్దూ మాటల విషయం కూడా అంతే. బ్రౌను దొర తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే వేశాడు. ఆనాటికే కచేరీలో, బజారులో ఆ మాటలు అంతగా పాతుకుపోయాయి.

మా ఇంట్లో నియమం ఏమిటంటే, ఎవరైనా పదాన్ని కాదంటే ఆంధ్రభారతి నిఘంటు శోధనలో వెతుకుతాము. చాలా నిఘంటువులు అక్కడ ఒకేచోట ఉన్నాయి. పదం దొరికితే కాదన్నవారు ఒక మార్కు కోల్పోతారు, దొరకకపోతే చెప్పినవారు కోల్పోతారు. ఊరికే అడ్డుపడే అలవాటు దీనితో పోయింది. నిఘంటువులో లేకున్నా, ఆ పదాన్ని తమ పనిలో రోజూ వాడుతున్నామని చెప్పగలిగిన పెద్దల మాట ఒప్పుకుంటాము.

మిర్చియార్డు మేనల్లుడు
ఆ చివరి వాక్యాన్ని మా అత్తయ్యకు పెద్ద అక్షరాలలో చూపిస్తాను.

భవానీపురం చిన్నోడు
మా తగవు పొల్లుతో. మా తమ్ముడు 'స్టేషన్' అంటాడు. 'న్'తో ఏ పదం మొదలవుతుంది? 'న' తీసుకోమంటాడు వాడు, 'ష' తీసుకుంటానంటాను నేను. 'బస్', 'పెన్', 'హాల్' అంటూ ప్రతి ఆటలో ఇదే గోల.

బ్రాడీపేట మాస్టారు
దీనికి సులభమైన దారి ఉంది. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బయటి మాట మన ఇంట్లోకి వచ్చినప్పుడు చివర ఒక 'ఉ' తగిలించుకుని వస్తుంది. బస్సు, పెన్ను, హాలు, రైలు, స్టేషను. తమ్ముణ్ణి తెలుగు రూపంలోనే పలకమనండి. అప్పుడు 'స్టేషను' తరువాత 'ను' వస్తుంది, నువ్వులు, నురుగు, నుదురు, ఎన్ని లేవు!

భవానీపురం చిన్నోడు
వాడు 'నువ్వులు' అని నాకే 'లు' తగిలించాడు. 'లు'తో ఏముందో చెప్పండి.

గళ్ళనుడి గవర్నరుపేట
లుంగీ.

కొరిటెపాడు శుభలేఖ
మా ఇంటి సంగతి చెబితే కొంత ఉపయోగపడవచ్చు. పిల్లల సెలవులలో స్క్రాబుల్ తెచ్చాము. వంద బిళ్ళలు, పదిహేను అడ్డం పదిహేను నిలువు గళ్ళు, ఒక్కొక్కరికి ఏడు బిళ్ళలు. పిల్లలు ఇంగ్లీషులో మమ్మల్ని చిత్తుగా ఓడించారు. మా నాన్నగారికి అది సహించలేదు. పెళ్ళిళ్ళకు వచ్చిన శుభలేఖలు అట్టలుగా కత్తిరించి, తెలుగు బిళ్ళలు తయారుచేయడం మొదలుపెట్టారు. స్క్రాబుల్‌ను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఏ అక్షరం ఎంత వాడుకలో ఉందో పత్రిక పేజీలలో లెక్కపెట్టాడని ఎక్కడో చదివి, తాను కూడా తెలుగు పత్రిక ముందు పెట్టుకుని మూడు రోజులు అక్షరాలు లెక్కపెట్టారు.

చిక్కంతా గుణింతంతో వచ్చింది. ప్రతి గుణింతానికీ ఒక బిళ్ళ చేస్తే ఇల్లంతా బిళ్ళలే. చివరకు హల్లులకు పెద్ద బిళ్ళలు, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం లాంటి గుర్తులకు సన్న బిళ్ళలు, ఒత్తులకు మరొక రంగు బిళ్ళలు చేశారు. 'స్త్రీ' పెట్టాలంటే ఒకే గడిలో సకారం, తకారపు ఒత్తు, రకారపు ఒత్తు, గుడిదీర్ఘం నాలుగూ పేర్చాలి. నాలుగు బిళ్ళల విలువ ఒకే గడిలో వస్తుంది కనుక మా అన్నయ్య, నేను సంయుక్తాక్షరాల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళము. 'క్ష'ను వర్ణమాలలో ఒకే అక్షరంగా చెబుతారు కాబట్టి ఒకే బిళ్ళ చేయాలని అన్నయ్య, క, ష విడిగా పేర్చాలని నేను. ఆ తగవుతో ఒక రాత్రంతా గడిచింది, తెల్లవారి నాన్నగారు రెండు రకాలూ చేసి పెట్టారు. ఆ బిళ్ళలు ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. నాన్నగారు లేరు. సంక్రాంతికి అందరం చేరినప్పుడు ఆ డబ్బా తెరుస్తాము, ఆయన చేతిరాతను పట్టుకుని ఆడుతాము.

కోడు రాసే వడ్డేశ్వరం
'స్త్రీ' సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. కంటికి ఒక్క అక్షరమే అయినా, యూనికోడ్ లెక్కలో అది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తెలుగు పదాల ఆట ఫోనులో చేయబోయి నేను మొదట ఇక్కడే తప్పటడుగు వేశాను. మా అమ్మ ఆడి చూసి, "స్త్రీ అని రాస్తే ఆరక్షరాల పదమంటోంది, దీనికి అక్షరాభ్యాసం చేయించలేదా" అంది. అక్షరాన్ని అమ్మ లెక్కపెట్టినట్టే లెక్కపెట్టేలా మార్చడానికి రెండు వారాలు పట్టింది.

అరండల్‌పేట తాతయ్య
మా ఇంట్లో పద్యాల గొలుసు ఆడేవాళ్ళము. దానిలో ఎత్తులు ఇంకా లోతుగా ఉంటాయి, ఎందుకంటే శతక పద్యం ఏ అక్షరంతో ముగుస్తుందో మకుటమే ముందుగా చెప్పేస్తుంది. వేమన పద్యం చదివితే ఎదుటివారికి 'మ', సుమతి చదివితే 'త', దాశరథి చదివితే 'ధ', భాస్కర శతకం చదివితే 'ర'. కాబట్టి ఎదుటివారికి ఏ అక్షరంలో పద్యాలు తక్కువ వచ్చునో గమనించి శతకం ఎంచుకోవాలి. మా ఆవిడ ముందుగా నా చేత 'ధ' పద్యాలన్నీ చదివించి ఖర్చు చేయించేది, ఆ తరువాత వరుసగా దాశరథి పద్యాలు అందుకునేది. ధూర్జటి 'రాజుల్ మత్తులు' అనే పద్యం 'రా'తో మొదలై, మకుటం వల్ల మళ్ళీ 'రా'తోనే ముగుస్తుంది. వచ్చిన అక్షరాన్నే తిరిగి అప్పగించే పద్యం అది. వేమన 'మేడిపండు', 'మిరపగింజ' కూడా 'మ'తో మొదలై 'మ'తో ముగిసేవే. అటువంటివి ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే ఆట వారిది.

కోడలు గారికి వచ్చిన కష్టమే మాకూ వచ్చేది. కృష్ణ శతకం చదివితే చివర 'కృష్ణా'. 'ణ'తో పద్యం ఏముంటుంది? మా ఇంట్లో ఆ అక్షరం నుంచి ఒక అడుగు వెనక్కి వేసి 'కృ' తీసుకోవచ్చని పెట్టుకున్నాము, 'క' పద్యాలు కావలసినన్ని ఉన్నాయి.

కొత్తపేట పెద్దావిడ
తాతయ్య గారూ, మీ ఇంటావిడ ఎత్తు నాకు ఎంతో నచ్చింది. ముందు ఖర్చు చేయించడం అనేది నాకు కూడా తట్టలేదు.

బ్రాడీపేట మాస్టారు
నిన్నటి నుంచి 'ణ' గురించే ఆలోచిస్తున్నాను. పటమట వారు చెప్పిన 'ణ బదులు న' అనే నియమానికి కొన్ని పదాల విషయంలో వ్యాకరణమే అండగా ఉంది. రామాయణం అంటే రామ, అయనం. అయనంలో ఉన్నది 'న'. ముందు 'ర' ఉండడం వల్ల అది సంస్కృత సంధిలో 'ణ' అయింది. ఉత్తరాయణంలో జరిగింది కూడా ఇదే, అదే దక్షిణాయనంలో 'న' అలాగే నిలిచి ఉంది. కారణం, మరణం, భూషణం వంటివి కూడా ముందున్న రేఫ వల్లనో షకారం వల్లనో 'ణ' తెచ్చుకున్నవే. బాణం, గుణం, కోణం, వీణ మాత్రం అలా కావు, వాటి 'ణ' వాటి సొంతం. కాబట్టి రామాయణానికి 'న' తీసుకోవడం న్యాయమే, బాణానికి 'న' తీసుకోవడం సర్దుబాటు.

పటమట వేణువు
మాస్టారు గారూ, మా ఇంట్లో ఏడేళ్ళ పాప కూడా ఆడుతుంది. ఆటకు కూర్చునే ముందు దానికి ణత్వం నేర్పలేను.

కోడు రాసే వడ్డేశ్వరం
ఉత్తరాయణం, దక్షిణాయనం పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళు రెండూ రాస్తూ ఉండి కూడా గమనించలేదు.

మొగల్రాజపురం అమ్మ
పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా ఆలోచించండి. మా అబ్బాయి ఇంగ్లీషు మీడియం, తెలుగు అతికష్టం మీద చదువుతాడు. నానమ్మ, తాతయ్య, పెదనాన్న ముగ్గురూ ఆటలో వాణ్ణి వరుసగా ఓడిస్తే నెల రోజులు దగ్గరకు రాలేదు. అప్పుడు మా అత్తగారే ఒక పద్ధతి పెట్టారు. వాడు ఇంగ్లీషు పదం చెప్పవచ్చు, కానీ దాని తెలుగు మాట కూడా చెప్పగలిగితే రెండు మార్కులు. మొదట్లో ఒక మార్కుతో సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు నానమ్మ వంట చేస్తుంటే వెనకే తిరిగి అట్లకాడ, జల్లెడ, కవ్వం, కుంపటి అని పేర్లు అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. కొత్తపేట పెద్దావిడ గారు అన్నట్టు జాలి చూపకపోతేనే మాటలు వస్తాయని నేను అనుకోను. మా వాడికి చూపినందువల్లనే వచ్చాయి.

కొత్తపేట పెద్దావిడ
మీ అత్తగారు చేసింది జాలి అనిపించడం లేదమ్మా, ఎర వేశారు. ఆ పద్ధతి మా మనవరాలికి నేను కూడా పెడతాను.

నిఘంటువుల బీరువా
అసలు ప్రశ్నకు వస్తే, 'ణ'తో పదమే లేదని అందరూ అనుకుంటున్నారు. ఒకటో తరగతి వాచకంలో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని వేసినవారు 'ణ' దగ్గరకు వచ్చేసరికి వీణ బొమ్మ వేయవలసి వచ్చింది, నిజమే. కానీ అక్షరాన్ని పిలవడానికి వ్యాకరణంలో ఒక పేరు ఉంది. అకారం, నకారం అన్నట్టే ణకారం. అది మంచి పదం. 'ణ'తోనే మొదలవుతుంది.

గళ్ళనుడి గవర్నరుపేట
ఒక ఆటలో ఒక్కసారికి మించి ఒప్పుకోకూడదు.

నిఘంటువుల బీరువా
ఏ పదమైనా ఒక ఆటలో ఒక్కసారే కదా.

సత్యనారాయణపురం కోడలు
ఈ ఆదివారం ఆట ముగిసింది, జరిగింది చెబుతున్నాను. మొత్తం చర్చ అత్తయ్యకు, మామయ్యకు చదివి వినిపించి, ఏ నియమం పెట్టుకుందామని అడిగాను. అత్తయ్య మాస్టారు గారి మొదటి మాటనే ఎంచుకున్నారు: సున్నతో ముగిస్తే ఎవరికైనా సరే 'ము'. నేను ఎంతో సంతోషించాను. ఇక 'ణ' గొడవ లేదనుకున్నాను.

మొదటి పదం ఆమెదే. 'వీణ' అన్నారు.

సున్న లేదు, 'ము' లేదు. మామయ్య నా వైపు చూశారు. నేను ముప్పైలో పద్దెనిమిది దాకా ఆగి 'ణకారము' అన్నాను. సున్నతో చెప్పినా 'ము'యే అయినా, అందరికీ వినబడేలా 'ము'ను నొక్కి పలికాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత 'ముహూర్తము' అన్నారు. నేను 'ముఖము' అన్నాను, ఆమె 'ముకుటము' అన్నారు, నేను 'ముత్యము' అన్నాను. ఆమె 'ముసలము' అన్నారు, అంటే రోకలి అని ఆడపడుచుకు ఆమే చెప్పవలసి వచ్చింది. అరండల్‌పేట తాతయ్య గారు చెప్పిన 'మేడిపండు' ఎత్తు మా ఇంట్లో పదాలతో నడిచింది. చివరకు నా దగ్గర 'ము'తో మొదలై 'ము'తో ముగిసేవి అయిపోయి 'ముంగిలి' అన్నాను, ఆమె 'లి'కి 'లిపి' అన్నారు, ఆట మళ్ళీ మామూలు దారిలో పడింది. నాలుగు పిక్కల తేడాతో ఓడిపోయాను. కిందటి వారం తేడా పదకొండు.

రాత్రి పడుకోబోతూ అత్తయ్య నన్ను పిలిచి, ఆ బీరువా ఆయనను ఒక మాట అడగమన్నారు: ణకారము చెల్లినప్పుడు ళకారము కూడా చెల్లుతుందా?

నిఘంటువుల బీరువా
చెల్లుతుంది. కానీ ఆవిడ అడిగారంటే, వచ్చే ఆదివారానికి మీరు 'కళ', 'మేళ' లాంటి మాటలు ముందుగానే పట్టుకోవడం మంచిది.

కొత్తపేట పెద్దావిడ
ముందు ఆవిడ చేత ళకారము ఖర్చు చేయించు తల్లీ, ఆ తరువాత వదులు.